నాలుగో కొడుకు వంతు

“రెండు గీతలు!” అంది నర్సు ఇసాతా, చేతిలోని పట్టీని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని. “ఒకటి నీది, ఒకటి లోపలున్నవాళ్ళది. ఇకనుంచి ఇద్దరి అన్నం తిను పిల్లా.”

ఫిండాకు నవ్వు ఆగలేదు. పెళ్ళయి నాలుగు నెలలు. టీచర్ ట్రైనింగ్ కాలేజీలో జీవశాస్త్రంలో అందరికంటే ముందు వచ్చిన పిల్ల, ఆ రెండు ఎర్రగీతల వంక చదువు రానిదానిలా నోరు తెరుచుకుని చూసింది. ఇంత చిన్న కాగితం ముక్క మీద ఇంత పెద్ద కబురు ఎలా పట్టిందో ఆమెకు అర్థం కాలేదు.

“ఇది నేను పట్టుకెళ్ళొచ్చా సిస్టర్?”

“పట్టుకెళ్ళు. మీ ఆయన దీనికి చట్రం కట్టించి గోడకు తగిలిస్తాడు, నాకు తెలుసు.” ఇసాతా వేళ్ళు మడిచి లెక్క చూసింది. “డిసెంబరు మొదట్లో. ఎండిన రోడ్లు, చల్లటి గాలి. మంచి వేళ చూసుకునే వస్తోంది బిడ్డ.”

ఫిండా తలకు కట్టుకున్న పసుపు గుడ్డ విప్పి, ఆ పట్టీని అంచులో పెట్టి, మళ్ళీ కట్టుకుంది. లేవబోతుంటే నర్సు లేచి తలుపు దగ్గరగా వేసింది.

“కూర్చో. మీ ఇంట్లో కోంబా ఎలా ఉన్నాడు?”

కోంబా ఎవరని ఆ ఊళ్ళో ఎవరినీ అడగక్కర్లేదు. ఫిండా అత్తగారు బోందూకు నాలుగో కొడుకు. కోనో తెగ వాళ్ళలో బిడ్డకు పేరు వెతకరు, పుట్టిన వరసే పేరు తెస్తుంది. మొదటి మగపిల్లాడు సహర్, రెండోవాడు తాంబా, మూడోవాడు అయ్యా, నాలుగోవాడు కోంబా. బోందూ ముగ్గురిని కన్నది. నాలుగోవాడు ఆమె కడుపున పడలేదు. పదేళ్ళ కిందట ఒక వేటగాడు గుప్పెడంత చింపాంజీ పిల్లను గోనెసంచిలో తెచ్చాడు. దాని తల్లి అప్పటికే అతని తుపాకికి పోయింది. బోందూ ఆ పిల్లను వీపున కట్టుకుంది, సీసాతో పాలు పట్టింది, కోంబా అని పిలిచింది. చిన్నోడా అనో నల్లోడా అనో పిలిచి ఉంటే పెంపుడు జంతువయ్యేవాడు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడవిలో వదిలేయమనేవారు. వరస పేరు పెట్టడంతో కొడుకై కూర్చున్నాడు. కొడుకును వదిలేయమని తల్లికి ఎవరు చెబుతారు?

“బాగానే ఉన్నాడు సిస్టర్,” అంది ఫిండా. “నాకు వేరుశెనగలు ఒలిచిపెడతాడు.”

“ఒలుస్తాడు, ఎందుకొలవడు? చూడు, మీ తాంబా బావగారి చేతికి కట్టు కట్టింది నేనే. ఆ వేళ్ళు మీ ఆయన బియ్యం మరలో పోయాయని ఊరంతా అంటుంది. మర బెల్టు లాగితే గాయం ఒక దిక్కుకు చీరుకుంటుంది. నేను చూసింది అది కాదు. ఇంతకు మించి నర్సు నోరు విప్పకూడదు.”

ఫిండా నవ్వు ఆగిపోయింది.

“జంతువుల ఆశ్రమం వాళ్ళ జీపు పక్కూరు సెయిదూలో ఉంది,” ఇసాతా గొంతు తగ్గించింది. “అక్కడెవరో పెంచుతున్న పిల్ల చింపాంజీ కోసం వచ్చారు. రేపు మధ్యాహ్నం దాకా ఉంటారు. పిలిస్తే ఇక్కడికీ వస్తారు. కానీ పెంచినమ్మ సరే అనాలి, గొడవపడి లాక్కుపోరు. వానలు దిగాయంటే మన వంతెన మీద జీపు దాటేది మళ్ళీ డిసెంబరులోనే.”

డిసెంబరు. ఆ నెల పేరు ఇందాకే ఎంత తియ్యగా వినిపించింది!

*

ఫిండా మొగుడు అయ్యా బియ్యం మర ఊరి చివర రేకుల పాకలో ఉంటుంది. బెల్టుకు అడ్డంగా ఒక రేకు తలుపు. పెళ్ళయిన కొత్తలో, బావగారి వేళ్ళ సంగతి విని భయపడి, ఫిండాయే పోరి పెట్టించింది. దాని మీద పసుపు రంగుతో పువ్వులు కూడా వేసింది. మర ఆడుతుంటే పువ్వులన్నీ వణుకుతాయి. ఆ వణుకు చూడటానికే ఆమె రోజుకొకసారి ఏదో ఒక వంకతో వచ్చేది.

అయ్యా తలనుంచి కాళ్ళదాకా తవుడు కొట్టుకుని తెల్లగా ఉన్నాడు. ఫిండా తలగుడ్డ విప్పి పట్టీ చూపించింది. అతను చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. చొక్కా ఇంకా తెల్లగా ఉంది. మళ్ళీ లుంగీకి తుడుచుకున్నాడు. అప్పుడు పట్టీ అందుకుని, మర ఆపేశాడు.

“ఏమయ్యా, నా బియ్యం సగంలో ఉన్నాయి!” అంది క్యూలో ఉన్న ముసలమ్మ.

“పెద్దమ్మా, ఇవాళ ఉచితం! అందరికీ ఉచితం!”

“ఉచితమైతే మాత్రం? నీ మర వేళ్ళు తింటుందిగా. ఇవాళ కొసరుకు తలకాయలు కూడా తింటుందేమో!”

అందరూ నవ్వారు. అయ్యా కూడా నవ్వాడు. రెండేళ్ళుగా ఈ మాటకు ఇలాగే నవ్వుతున్నాడని ఫిండాకు అప్పుడు తట్టింది. అతని చెయ్యి పట్టుకుని పాక వెనక్కి లాక్కుపోయింది.

“నిజం చెప్పు. బావగారి వేళ్ళు ఎవరు తిన్నారు?”

అయ్యా తవుడు కళ్ళతో ఆమె వంక చూశాడు.

“అన్నయ్య అరటిపండు అందిస్తున్నాడు,” అన్నాడు చివరికి. “అంతే. కోంబా పండుతో పాటు... వాడికి కోపం కూడా లేదు ఫిండా. తర్వాత భయపడి అమ్మ ఒళ్ళో దూరాడు. జనం పరిగెత్తుకొచ్చి ఏమైందన్నారు. అమ్మ నా వంక చూసి, ‘మర’ అంది. నేను కాదనలేదు. కాదంటే సాయంత్రంలోగా ఊరి పెద్ద తుపాకి పంపించేవాడు. అమ్మ ఏమైపోయేది?”

“అందుకని రెండేళ్ళు నీ మరను రాక్షసి చేసుకున్నావా? సగం ఊరు పక్కూరికి వెళ్ళి బియ్యం పట్టించుకుంటోంది!”

“మరకు ప్రాణం లేదుగా. నింద మోస్తుంది.”

ఫిండాకు ఒకేసారి ఇతన్ని కొట్టాలనిపించింది, ముద్దు పెట్టుకోవాలనిపించింది. రెండోదే చేసింది. పెదాల నిండా తవుడు అంటుకుంది.

“విను,” అంది, మూతి తుడుచుకోకుండానే. “డిసెంబరులో మన బిడ్డ పాకడం మొదలెట్టదు. కానీ ఆ తర్వాత ఏడాదికి పాకుతుంది. ఆ మామిడిచెట్టు కిందికే పాకుతుంది. కోంబాకు ఇప్పటికే మనిషిని మించిన బలం ఉంది, ఇంకా పెరుగుతాడు. వాడు చెడ్డవాడు కాదు, పెద్దవాడయ్యాడు. వాళ్ళ జాతిలో ఈ వయసు మగవాడు చెట్టూ కొమ్మా ఊపి నేనింతవాణ్ణని చూపించుకోవాలి. వాడికున్నది ఒక చెట్టు, ఒక గొలుసు. ఏం చేస్తాడు? చేతికి దొరికిందాన్ని ఊపుతాడు. జీపు రేపటిదాకా ఉందట. అమ్మతో ఇవాళే చెప్పాలి.”

“నువ్వు చెబుతావా?”

“నువ్వు చెప్పవా?”

“నేను మూడోవాణ్ణి,” అన్నాడు అయ్యా దీనంగా. “తమ్ముణ్ణి పంపించెయ్యమని అన్న ఎలా అంటాడే?”

*

ఇంటి ముందు మామిడిచెట్టు. దాని చుట్టూ, గొలుసు తిరిగినంత మేర, గడ్డి మొలవని గుండ్రటి నేల. ఆ నేల అంచే గీత, దాన్ని ఎవరూ దాటరు, బోందూ తప్ప. కోంబా మధ్యలో కూర్చుని పాత చెప్పు ఒకటి శ్రద్ధగా విప్పదీస్తున్నాడు.

కబురు వినగానే బోందూ చేతిలోని రోకలిని అలాగే రోట్లో వదిలేసింది.

“నా పెళ్ళామా! నా బంగారు పెళ్ళామా!” అంటూ కోడల్ని నడుము పట్టి గిరగిరా తిప్పింది. ఆ ఊళ్ళో కోడలంటే ఇంటిల్లిపాదికీ పెళ్ళామే, అత్తగారే ముందు అలా పిలుస్తుంది. “ఒరే అయ్యా, నువ్వు చేసిందేమీ లేదు, అంతా నా పెళ్ళాం చలవ! కోలా కాయలు తీయండి, అందరికీ పంచాలి! సహర్‌కు ఫోన్ కొట్టండి!”

సహర్ రాజధానిలో ఉంటాడు. ఫోన్‌లోనే కేకలు వేశాడు. పక్కింట్లోంచి తాంబా వచ్చి, మూడువేళ్ళ కుడిచేతిని మరదలి తలమీద ఆనించి దీవించాడు. ఇరుగుపొరుగు గిన్నెలు వాయిస్తూ వాకిట్లోకి దిగారు. బోందూ నడుముకు చుట్టుకున్న రంగుల లప్పాను బిగించి కట్టి, తల ఎత్తుకుని, వాకిలంతా ఒకసారి కలయజూసింది. ఆమె గర్వపడితే దాచుకునే మనిషి కాదు. చింపాంజీని దేశానికి గుర్తుగా ప్రకటించారని రేడియోలో వచ్చిన రోజున, వేరుశెనగ పులుసు వండి, “నా నాలుగోవాడికి దేశం పదవిచ్చింది” అని ఊరంతా పంచింది.

“ఇద్దరు అన్నలు విన్నారు,” అంది ఇప్పుడు. “కబురు వరసలో దిగాలి. ఇక తమ్ముడు వినాలి.” ఫిండా చెయ్యి పట్టుకుని గీత వైపు నడిచింది.

“అమ్మా, తర్వాత. అమ్మా, ఒక్క మాట వినండి...”

“వాడు బాబాయి అవుతున్నాడే! వాడికి చెప్పకపోతే ఎలా?”

గిన్నెల మోత. కేకలు. కోంబా చెప్పు కింద పడేశాడు. వాడి భుజాల మీద వెంట్రుకలు ఒక్కొక్కటే లేచి నిలబడటం ఫిండా చూసింది. పెదాలు బిగించి, ఒంటిని అటూ ఇటూ ఊపుతున్నాడు. వాడు వేరుశెనగలు ఒలిచిపెట్టే కోంబా కాదు.

“అమ్మా, వెనక్కి రండి. వాడి వెంట్రుకలు చూడండి. అమ్మా!”

బోందూ అప్పటికే గీత దాటింది. ఒక చెయ్యి కోడలి పొట్ట మీద పెట్టి, “ఒరే కోంబా, ఇదిగో...” అంది.

గొలుసు గలగలమంది. అంతవరకే ఫిండాకు తెలిసింది. పసుపు గుడ్డతో పాటు తల మొత్తం ముందుకు లాగినట్టయింది. మోకాళ్ళ మీద పడింది. రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది. పైనుంచి ఎవరో ఆమె మీద వాలారు, బరువుగా, పామాయిల్ వాసనతో. అత్తగారు. ఆ తర్వాత ఒక కేక. అయ్యా భార్యను చంకల కింద పట్టి గీత ఇవతలికి ఈడ్చాడు. తాంబా తల్లిని లాగాడు.

బోందూ ముంజేయి పైనుంచి కిందికి తెరుచుకుపోయింది.

కోంబా చేతిలో పసుపు గుడ్డ ఉంది. దాని వంక చూశాడు. బోందూ వంక చూశాడు. పెదాలు ముందుకు సాచి, పసిబిడ్డలా కుయ్యిమంటూ, రెండు చేతులూ ఆమె వైపు చాచాడు. పదేళ్ళుగా చాచినట్టే.

ఆమె అలవాటుగా వాడి వైపు ఒక అడుగు వేసింది. తాంబా, ఆ మూడువేళ్ళ చేత్తోనే, తల్లి భుజం పట్టుకుని ఆపాడు.

*

ఇసాతా పరిగెత్తుకొచ్చి కుట్లు వేసింది, ఫిండాను పడుకోబెట్టి చూసింది. “దీనికేమీ కాలేదు. నెత్తిమీద నాలుగు వెంట్రుకలు పోయాయి, అంతే. అడ్డం పడిన మనిషికి దండం పెట్టుకో.” వాకిట్లో జనం పెరిగారు. చివరికి ఊరి పెద్ద కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చూసినవాళ్ళు చూశారు. చూడనివాళ్ళు బోందూ నోటినుంచి వినాలని కాచుకున్నారు.

“ఏమైంది బోందూ?” అన్నాడు పెద్ద.

బోందూ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నోరు తెరిచింది. కళ్ళు వెతుక్కుంటూ అయ్యా వైపు వెళ్ళాయి, రెండేళ్ళ కిందట వెళ్ళినట్టే. అయ్యా తల దించుకున్నాడు. ఈసారీ కాదనడు. ఆ సంగతి తల్లికీ తెలుసు.

ఫిండా లేచి వెళ్ళి అత్తగారి పక్కన నేలమీద కూర్చుంది. దారిపొడుగునా కూడబెట్టుకున్న చదువుకున్న మాటలు, బలం, జబ్బులు, చట్టం, ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. వచ్చింది వేరే.

“అమ్మా, సహర్ బావగారు అడవికి ఎన్నేళ్ళప్పుడు వెళ్ళారు?”

అడవికి వెళ్ళడమంటే మగపిల్లలు ఇల్లు విడిచి, పెద్దల దగ్గర దీక్షలో ఉండి, మగవాళ్ళై తేలడం.

“పన్నెండు,” అంది బోందూ, ఎందుకడుగుతుందో తెలియక.

“తాంబా బావగారు?”

“పదకొండు. తొందరపెట్టి వెళ్ళాడు.”

“మా ఆయన?”

“పది. అందరికంటే చిన్నవాడు, అందరికంటే ధీమాగా నడిచాడు.”

“అప్పుడు మీరు ఏడ్చారా?”

“నేనా!” బోందూ నడుము నిటారుగా లేచింది. “ఈ ఊళ్ళో ఎవరినైనా అడుగు! మూడుసార్లూ డప్పు ముందు నేనే ఆడాను. కొడుకును కొంగున కట్టేసుకునే తల్లిని చూస్తే ఉమ్మేస్తాం మేము. అలాంటివాడు గడ్డం వచ్చినా పసివాడే.”

“కోంబాకు ఇప్పుడు ఎన్నేళ్ళమ్మా?”

ఎవరి చేతిలోదో గిన్నె ఒకటి నేల మీద ఠంగున పడింది.

“వాణ్ణి మీరు కొడుకుల వరసలో కలిపారు,” అంది ఫిండా మెల్లగా. “పేరు ఇచ్చారు, వంతు ఇవ్వలేదు. ముగ్గురినీ అడవికి పంపి, నాలుగోవాణ్ణి చెట్టుకు కట్టేశారు. వాడు మగవాడయ్యాడమ్మా. వాడికి ఆ సంగతి ఎక్కడ చూపించాలో తెలీదు. సెయిదూలో జీపు ఉంది. కొన్నాళ్ళు విడిగా ఉంచి, జబ్బులేమైనా ఉన్నాయేమో చూసి, తర్వాత కొండ కింద అడవిలో వాడి జాతి వాళ్ళలో కలుపుతారు. పెద్దవాళ్ళుంటారు, నేర్పిస్తారు. అక్కడ కొమ్మలుంటాయి.”

బోందూ మామిడిచెట్టు వైపు చూసింది. చెట్టు కింద కోంబా పసుపు గుడ్డను తలమీద వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుంటున్నాడు. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. వాళ్ళమ్మ దాని నోరు మూసింది.

తర్వాత బోందూ లేచి నిలబడింది. చెయ్యి నొప్పికి పళ్ళు బిగించింది గాని గొంతు మాత్రం సంతలో పిలిచినట్టు మోగింది.

“అందరూ వినండి! ఈ చెయ్యి కోంబా కరిచాడు. తాంబా వేళ్ళు కూడా కోంబాయే కొరికాడు. మర కాదు. అబద్ధం నాది. నా మూడోవాడు రెండేళ్ళు దాన్ని నోరెత్తకుండా మోశాడు. వాడి మర ఇంతవరకు ఎవరి గోరూ గీకలేదు. రేపటినుంచి పక్కూరికి బియ్యం మోసుకెళ్ళేవాళ్ళ కాళ్ళు నేనే విరగ్గొడతా!”

తాంబా మూడువేళ్ళ చెయ్యి పైకెత్తి ఊపాడు. “నిజమే. రెండేళ్ళుగా మర పక్కన నిలబడితే దానికే నన్ను చూసి సిగ్గేసేది.”

జనం గొల్లుమన్నారు. మరలో సగం బియ్యం వదిలి వచ్చిన ముసలమ్మ అయ్యా వీపు మీద గట్టిగా చరిచింది. తవుడు పొగలా లేచింది. ఆ తవుడు మబ్బులో నిలబడ్డ మొగుణ్ణి చూస్తుంటే, ఇంత ఎత్తు మనిషికి తానెలా దొరికానా అని ఫిండాకు ఛాతీ ఉప్పొంగింది. ఆ పక్కన కట్టుచేత్తో రాణిలా నిలబడ్డ అత్తగారిని చూస్తే ఇంకా ఉప్పొంగింది. ఈ మనిషి కింద దాక్కున్న బిడ్డ పిరికిది కాబోదు.

ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడు. “బోందూ, తుపాకి సంగతి...”

“తుపాకి మాటెత్తితే నీ అరుగు మీదికొచ్చి కూర్చుంటా. నా కొడుకు తల దించుకుని పోయేవాడు కాదు, తల ఎత్తుకుని పోతాడు.” ఆమె ఇసాతా వైపు తిరిగింది. “సిస్టర్, ఆ జీపు వాళ్ళకు ఫోన్ చెయ్. రేపు పొద్దున్నే రమ్మను. తల్లి సరే అంది అని చెప్పు.”

ఇసాతా అప్పటికే నంబరు నొక్కుతోంది.

“అమ్మా, వాణ్ణి దగ్గరకు తీసుకోవడం...” అన్నాడు అయ్యా భయంభయంగా.

“తెలుసు. ఇక గీత దాటను. పొడుగు కర్ర గరిటెతో పెడతా. అడవికి వెళ్ళే కొడుకు తల్లి చేతి అన్నం తినకుండా కదలకూడదు.” ఆమె కళ్ళు ఒకసారి తడిశాయి. కట్టులేని చేత్తో ఠక్కున తుడుచుకుంది. “ఇక వినండి. రేపు పొద్దున్నే వేరుశెనగ పులుసు, బియ్యం నేనే దంచుతా... కాదు, అయ్యా మరలో పట్టిస్తా, ఊరంతా చూసేలా. ఎనిమిదింటికి జీపు వస్తుంది. డాక్టరు సూది వేస్తాడు, వాడు పడుకుంటాడు, బోనులో ఎక్కిస్తారు. బోను వెనకాల డప్పులు. తాంబా పెద్ద డప్పు కొట్టాలి, వేళ్ళు తక్కువని వంకలు చెప్పకు. వంతెన దాకా నేను ముందు ఆడుతూ నడుస్తా. నా పెళ్ళాం కొత్త పసుపు గుడ్డ కట్టుకుని ఇరవై అడుగులు వెనక నడుస్తుంది, ఒక్క అడుగు ముందుకేసినా ఊరుకోను. వంతెన దగ్గర నేను జీపెక్కి, ఆశ్రమం గేటు దాకా వెళ్ళి, నా కోంబాను వాళ్ళ పెద్దల చేతికి పేరు చెప్పి అప్పగించి, సాయంత్రానికి తిరిగొస్తా. ఎవరూ ఏడవకూడదు. డప్పులు ఎవరి దగ్గరున్నాయో ఇప్పుడే దించి ఎండలో పెట్టండి!”